తలుపుకి ఇవతల దొర, అవతల లడ్డూ బూందీ

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది గ్లాస్గోలో కేర్ వర్కర్‌గా చేస్తున్న ఒక అక్క. పేరు వద్దన్నారు. మధ్యలో మా ప్రశ్నలు తీసేసి, ఆమె మాటలు ఆమె చెప్పినట్టే ఇక్కడ పెడుతున్నాం.)



అన్న ఫోన్ చేసి కేర్ వీసా కష్టాల మీద మాట్లాడమన్నారు. అవి మీ అందరికీ తెలిసినవే, కొత్తగా నేను చెప్పేదేముంది? నా పిల్లుల గురించైతే మాట్లాడతా అన్నాను. ముందు నవ్వారు. మొత్తం విన్నాక సరే అన్నారు.

మా ఫ్లాట్‌లో మూడు పిల్లులున్నాయి. రెండింటికి ఏ జబ్బూ లేదు. మూడోవాడికి ఫీలైన్ ల్యూకేమియా వైరస్ ఉంది. ఏడాది దాటింది, మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఈ మధ్య లెస్టర్ నుంచి ఒకమ్మాయి, బెల్‌ఫాస్ట్ నుంచి ఒక తమ్ముడు ఇదే సమస్యతో ఫోన్ చేశారు. "అక్కా, ఒకదానికి పాజిటివ్ వచ్చింది, రెండోది బాగానే ఉంది, ఇప్పుడు దేన్ని పంపేయాలి?" అని. ఇద్దరికీ విడివిడిగా గంట గంట చెప్పాను. ఇక అందరికీ ఒకేసారి చెప్పేస్తే పోతుందనుకున్నా.

మాది ఖమ్మం జిల్లాలో పల్లె. మా ఊళ్ళో పిల్లిని ఎవరూ పెంచరు, అదే వచ్చి ఉంటుంది. వడ్ల బస్తాల దగ్గర ఎలుకల్ని పడుతుంది, మిగిలిన పెరుగన్నం ఇంత పెడతారు. పొద్దున్నే బయల్దేరేటప్పుడు ఎదురొస్తే మాత్రం దాన్ని తిట్టి, ఇంట్లోకొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. నేనూ అలాగే పెరిగాను. పిల్లికి డాక్టరేంటి, టీకాలేంటి అనుకునే మనిషినే.

2024 మేలో ఇక్కడికొచ్చాను. అదే ఏడాది మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోడానికి లేకుండా రూల్ మారింది. మా ఆయన, ఏడేళ్ళ బాబు అక్కడ, నేను ఇక్కడ. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, నేను ఒక్కదాన్నే ఆరు నెలల్లో మూడిళ్ళు మారాను. చివరికి ఇంకో ఇద్దరితో కలిసి సౌత్‌సైడ్‌లో పాత రాతి బిల్డింగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. ఒకామె నెల్లూరు అక్క, ఇంకొకరు శ్రీకాకుళం అమ్మాయి. రెండు బెడ్రూములు. వాళ్ళిద్దరూ పెద్దదాంట్లో, నేను చిన్నదాంట్లో.

లడ్డూ, బూందీ మాకు ఒక తెలుగు జంట నుంచి వచ్చాయి. వీసా అయిపోయి ఇండియా వెళ్ళిపోతూ ఏడ్చుకుంటూ ఇచ్చి వెళ్ళారు. అన్నాచెల్లెళ్ళు, మూడేళ్ళవి. ఆపరేషన్లు అయిపోయాయి, టీకాల కార్డు కూడా ఇచ్చారు. ఓనర్ దగ్గర ఈమెయిల్‌లో పర్మిషన్ తీసుకున్నాం. మీరు కూడా ఎప్పుడైనా అడిగితే రాతలోనే అడగండి, మాటల్లో సరే అన్నది రేపు ఉండదు.

2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను వచ్చింది, గుర్తుందా? గ్లాస్గోకి రెడ్ వార్నింగ్ ఇచ్చారు. మా బిల్డింగ్ మెట్లని ఇక్కడ "క్లోజ్" అంటారు, దాని తలుపు గాలికి కొట్టుకుంటోందని కిందికి దిగితే, మెట్ల కింద ఒక బూడిదరంగు మగపిల్లి. పెద్ద తలకాయ, ఉబ్బిన బుగ్గలు, చెవి కొసన కొంచెం చిరిగింది. ఒళ్ళంతా తడిసి కూడా పులిలా కూర్చున్నాడు. నెల్లూరు అక్క చూసి "ఏందిమే ఈడు, దొర మాదిరి కూర్చున్నాడే" అంది. అలా దొర అయ్యాడు.

ఒక్క రాత్రి అనుకున్నాం. మూడు వారాలయింది. ముగ్గురూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు, ఒకే చోట పడుకునేవాళ్ళు. బూందీకి ఒక అలవాటుంది, ఎవరు పక్కన పడుకున్నా వాళ్ళ తల నాకుతూ ఉంటుంది. దొర తల నాకి నాకి మెరిసేలా చేసింది. మేం ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాం.

ఫిబ్రవరిలో వాడిని ఆపరేషన్‌కి వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం. మైక్రోచిప్ ఉందేమోనని చూశారు, లేదు. వీధిలో తిరిగిన మగపిల్లి, దెబ్బలాటల మచ్చలున్నాయి, ఒక రక్తపరీక్ష చేద్దామన్నారు. కొన్ని చుక్కల రక్తం, చిన్న కిట్టు, పది నిమిషాలు. డాక్టరమ్మ బయటికొచ్చి "ఇంట్లో వేరే పిల్లులున్నాయా?" అని అడిగింది. నేను కేర్ హోమ్‌లో పనిచేస్తున్నా కదండీ, ఆ ప్రశ్న ఆ గొంతుతో అడిగితే దాని అర్థమేంటో నాకు తెలుసు.

ల్యూకేమియా అన్న మాట వినగానే నాకు బ్లడ్ క్యాన్సరే గుర్తొచ్చింది. ఆ పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇది వైరస్. దీనివల్ల క్యాన్సర్ గడ్డలు రావచ్చు, కానీ అంతకంటే ఎక్కువగా జరిగేది రక్తం తగ్గిపోవడం, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పోవడం. మామూలు పిల్లికి త్వరగా తగ్గే జలుబు దీనికి చాలా రోజులు పట్టొచ్చు. మనుషులకు అంటదు. ఇది రెండుసార్లు చెప్తా, ఎందుకంటే మా ఫ్లాట్‌లో మొదటి గొడవ దీనిమీదే అయింది. మనుషులకు అంటదు. కుక్కలకూ రాదు. పిల్లి నుంచి పిల్లికే.

ఎలా అంటుతుందంటే, ముఖ్యంగా లాలాజలంతో. ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, తాగడం, కొరుక్కోవడం. తల్లికి ఉంటే కడుపులోనే పిల్లలకు రావచ్చు, పాలతోనూ రావచ్చు. ఇదంతా ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చెప్తుంటే సగంలోనే ఆపి "ఎంగిలి రోగమా?" అంది. అంతే. డాక్టరమ్మ అరగంట చెప్పింది అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. మీరు కూడా అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఇది గాల్లో ఎగిరొచ్చేది కాదు, ఎంగిలితో వచ్చేది. పైగా ఈ వైరస్ ఒంటి బయట చాలా బలహీనం. ఆరిపోతే కొద్ది గంటల్లోనే చచ్చిపోతుంది. మామూలు గిన్నెలు తోమే సబ్బుకే పోతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఈ వైరస్‌ని మొదట కనిపెట్టింది ఇదే ఊళ్ళో. 1964లో గ్లాస్గో యూనివర్సిటీ వెటర్నరీ స్కూల్‌లో విలియం జారెట్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు. ఒకే ఇంట్లో ఉన్న పిల్లులకు వరసగా ఈ క్యాన్సర్ వస్తోందని తెలిసి, ఇది అంటుకునేదేమో అన్న అనుమానంతో వెతికి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారు. అంటే దీని కథ మొదలయిందే మా ఇంటిలాంటి ఇంట్లో అన్నమాట, చాలా పిల్లులు కలిసి బతికే ఇంట్లో. మా దొర రక్తం రెండోసారి పరీక్షకి అదే వెట్ స్కూల్ ల్యాబ్‌కి వెళ్ళింది.

రెండోసారి ఎందుకంటే, ఆ పది నిమిషాల కిట్టు ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. కొన్నిసార్లు తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అదీకాక, వైరస్ ఒంట్లోకి వెళ్ళిన ప్రతి పిల్లికీ ఒకేలా జరగదు. కొన్ని దాన్ని పూర్తిగా తరిమేస్తాయి. కొన్ని అణచిపెడతాయి, లోపల దాక్కుని ఉంటుంది కానీ బయటికి పెద్దగా విడుదల కాదు, ఒళ్ళు బాగా నీరసపడినప్పుడు మళ్ళీ లేచే అవకాశం ఉంటుంది. మిగతావాటిలో అదుపు తప్పి పెరుగుతూనే ఉంటుంది, ఎంగిల్లో విపరీతంగా వస్తుంది, అలాంటివి ఎక్కువగా మూడేళ్ళలోపే పోతాయి. చిన్న పిల్లలకి ప్రమాదం చాలా ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ తట్టుకుంటాయి. లడ్డూ, బూందీ మూడేళ్ళవి కావడం, చిన్నప్పుడు ఈ టీకా కూడా పడి ఉండటం మా అదృష్టం. టీకా గడువు దాటిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజే ఇద్దరికీ రక్తం తీశారు. నెగెటివ్. టీకా వేశారు. కానీ మొన్నమొన్నటిదాకా కలిసి తిన్నవాళ్ళు, ఈ నెగెటివ్‌ని ఇప్పుడే నమ్మకూడదన్నారు. కలిసి ఉన్న చివరి రోజు నుంచి కనీసం 30 రోజులు ఆగి మళ్ళీ చేయించాలి. మనం ఇక్కడికి వచ్చే ముందు హైదరాబాద్‌లో టీబీ ఎక్స్‌రే తీయించుకుని సర్టిఫికెట్ కోసం ఎదురుచూశాం చూడండి, నాకు ఆ రోజులు గుర్తొచ్చాయి. అప్పటికే అప్పు చేసేసి ఉన్నాం, ఆ కాగితం మీద ఏం రాస్తారో అని. అదే కాలుకాలిన పిల్లి తిరుగుడు ఈ నెలంతా తిరిగాను.

ఆ నెలలో నెల్లూరు అక్క నాతో సరిగా మాట్లాడలేదు. ఆమె తప్పేం లేదు. "ఉన్న రెండింటికి ఏదన్నా అయితే ఎవురిది పూచీ?" అంది. నాకు జవాబు లేదు. ఇప్పుడూ లేదు నిజానికి. పాజిటివ్ పిల్లికి అన్నిటికంటే మంచి చోటు వేరే పిల్లి లేని ఇల్లు. అది అందరూ చెప్పేదే, నేనూ ఒప్పుకుంటా. దొర కోసం అలాంటి ఇల్లు రెండు నెలలు వెతికాను. రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేశాను, తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. పాజిటివ్ అనగానే ఎవరూ ముందుకు రాలేదు. ఒకచోట నిద్రపుచ్చేయడం గురించి ఆలోచించమన్నారు. మా డాక్టరమ్మ మాత్రం, తింటున్నాడు, ఆడుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, ఒక్క పరీక్ష చూసి ఆరోగ్యంగా ఉన్నవాడిని చంపమని నేను చెప్పను అంది. మళ్ళీ వీధిలో వదిలేద్దామా అంటే వాడు ఇంకో పదింటికి అంటిస్తాడు. అందుకని నా చిన్న గది వాడిదయింది.

ల్యాబ్ రిజల్ట్ వచ్చింది, దొర పాజిటివే. నెల దాటాక లడ్డూ, బూందీకి మళ్ళీ చేశారు. ఇద్దరూ నెగెటివ్. మూడు వారాల తేడాతో రెండో డోసు టీకా అప్పటికే పడింది, ఏడాదికి బూస్టర్ కూడా అయింది. టీకా ఉంటే చాలు, అందర్నీ కలిపేయొచ్చు అని కొందరనుకుంటారు. వద్దండీ. టీకా ప్రమాదం తగ్గిస్తుంది, నూటికి నూరు పాళ్ళు ఆపదు. టీకా కూడా ఉండాలి, తలుపూ ఉండాలి.

ఇక ఇంట్లో ఎలా చేస్తున్నామో చెప్తా. కేర్ హోమ్‌లో పనిచేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నోరోవైరస్ వచ్చినప్పుడు ఏం చేస్తాం? జబ్బు లేని గదులన్నీ ముందు చూసుకుని, జబ్బున్న గదికి చివర్లో వెళ్తాం. ఇక్కడా అంతే. పొద్దున్న లేవగానే దొర నా మంచం మీదే ఉంటాడు, నా మొహం మీదికి వచ్చి అరుస్తాడు, అయినా ముందు వాడికి పెట్టను. చేతులు సబ్బుతో కడుక్కుని వంటగదికి వెళ్ళి, లడ్డూకి, బూందీకి పెట్టి, వాళ్ళ లిట్టర్ తీసి, అప్పుడు దొర దగ్గరికొస్తా. వాడి గిన్నెలు, వాడి లిట్టర్, దాన్ని తీసే గరిట అన్నీ గదిలోనే. గిన్నెలు మాత్రం చివర్లో విడిగా తోముతా. మొదట్లో నేను అతి చేశాను. గదిలోకి వెళ్ళేటప్పుడు వేసుకోడానికి వేరే నైటీ, గ్లౌజులు, డెటాల్... డాక్టరమ్మ నవ్వి, మీ బట్టలతో అంటేంత బలం దీనికి లేదు, చేతులు కడుక్కుంటే చాలు అంది. ఆ డెటాల్ వాసన అసలు పిల్లులకు మంచిది కాదట, అది పక్కన పెట్టేశాం.

గిన్నెల దగ్గర ఒక మాట చెప్పాలి. కలిసిపోకుండా ఉండాలని దొర స్టీలు గిన్నె మీద ఎర్ర మార్కర్‌తో గుర్తు పెడుతున్నా. పెడుతూ పెడుతూ చెయ్యి ఆగిపోయింది. మా తాతకి ఊళ్ళో హోటల్లో గ్లాసు విడిగా ఉండేది. బయట చూరుకింద పెట్టేవాళ్ళు. తాగి, తనే కడిగి, అక్కడే బోర్లించి రావాలి. నాన్న చెప్పేవాడు, నేను చూడలేదు. ఎంగిలి అన్న మాట మా ఇంట్లో ఎప్పుడూ అంత తేలిగ్గా పలకలేదు ఎవరూ. ఇక్కడ జబ్బుంది, అక్కడ ఏ జబ్బూ లేదు, రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. తెలిసినా ఆ ఎర్ర గుర్తు పెట్టలేకపోయాను. నీలం రంగు ప్లాస్టిక్ మూతలున్న పింగాణీ గిన్నెలు ఛారిటీ షాపులో కొన్నాను, మూడు పౌండ్లు. మిగతా ఇద్దరివి స్టీలువి. చూడగానే తెలిసిపోతుంది, ఏ గుర్తూ అక్కర్లేదు. అమ్మకి ఈ సంగతి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. "వాడి పేరు దొర కదనే" అని తర్వాత నవ్వింది.

మే నెలలో తప్పు జరిగింది. నేను నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. శ్రీకాకుళం అమ్మాయి నా గదిలోంచి ఛార్జర్ తీసుకుని తలుపు సరిగ్గా వేయలేదు. పొద్దున్న ఎనిమిదికి వచ్చేసరికి నా మంచం మీద దొర, పక్కన బూందీ. బూందీ వాడి తల నాకుతోంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఇద్దరూ కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నారు. నేను వెంటనే విడదీయలేదు. ఇది తప్పే, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. కొన్ని సెకన్లు చూస్తూ నిలబడ్డా. మూడు నెలలుగా వాడిని ఇంకో పిల్లి ముట్టుకోలేదు. ఐసొలేషన్‌లో పెట్టిన మా కేర్ హోమ్ పెద్దావిడొకావిడ, నేను గ్లౌజు తీసేసి చెయ్యి పట్టుకుంటే వదిలేది కాదు. అది గుర్తొచ్చింది. తర్వాత బూందీని ఎత్తుకుని బయటికి తీసుకొచ్చా. అది నన్ను గీరింది.

మళ్ళీ నెల రోజులు. మళ్ళీ రక్తపరీక్ష. మళ్ళీ నెగెటివ్. టీకా పనిచేసిందో, వయసు కాపాడిందో, అదృష్టమో ఎవరూ చెప్పలేరు. శ్రీకాకుళం అమ్మాయి ఆ నెలంతా ఏడుస్తూనే ఉంది, నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

అప్పుడు చేసిన ఏర్పాటే ఇప్పటిదాకా నడుస్తోంది. ఇల్లు అద్దెది, గోడకి మేకు కొట్టడానికి లేదు. చిన్నపిల్లల కోసం వాడే గేట్లుంటాయి కదా, స్క్రూలు లేకుండా రెండు వైపులా బిగించేవి. అవి రెండు, పాతవి కొని, ఒకదాని మీద ఒకటి నా గది గుమ్మంలో బిగించాం. ఊచల సందుల్లోంచి ముక్కూ ముక్కూ ఆనించుకోకుండా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కట్టాం. అసలు తలుపు అలాగే ఉంది. మేం ఇంట్లో ఉన్నప్పుడు తలుపు తీసి గేటు మాత్రం వేస్తాం, ఒకరినొకరు చూసుకుంటారు. మేం లేనప్పుడు, నిద్రపోయేటప్పుడు తలుపు వేస్తాం. బూందీ షీటుకి ఇటువైపు ఆనుకుని పడుకుంటుంది, దొర అటువైపు. లడ్డూకి ఎవరి గోలా పట్టదు, వాడికి తిండి ఉంటే చాలు.

దొర బయటికి వెళ్ళడు. మొదటి నెలంతా కిటికీ దగ్గర అరిచాడు, తర్వాత మానేశాడు. కిటికీ దగ్గర బల్ల వేశాం, వెనక పెరట్లో పావురాల్ని చూస్తూ పళ్ళు టకటకలాడిస్తాడు. పచ్చి మాంసం పెట్టకూడదు, వాడి ఒళ్ళు ఏ చిన్న బాక్టీరియానీ తట్టుకోలేదు. ఆరు నెలలకోసారి బరువు, రక్తం చూపించాలి. మధ్యలో మనం చూసుకోవాల్సింది చిగుళ్ళు. గులాబీ రంగులో ఉండాలి, తెల్లబడితే ఆలస్యం చేయకూడదు. తిండి తగ్గడం, జ్వరం, నోట్లో పుండ్లు, గొంతు కింద గడ్డలు, ఊపిరి వేగంగా తీయడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఫోన్ చేయాలి. వైరస్‌ని పోగొట్టే మందు లేదు. వచ్చే ఒక్కో జబ్బుకీ త్వరగా వైద్యం చేయడమే. పోయిన నవంబర్‌లో వాడికి నోరంతా వాచింది, పది రోజులు మందులు వాడితే తగ్గింది. ఆ పది రోజులు చికెన్ ఉడకబెట్టి, ఉప్పు, కారం ఏమీ వేయకుండా మెత్తగా చేసి, వేలితో పెట్టాను.

డబ్బు సంగతి దాచను. మొదటి మూడు నెలల్లోనే పరీక్షలు, టీకాలు, దొర ఆపరేషన్ కలిపి 400 పౌండ్లు దాటింది. మన రూపాయల్లో నలభై వేల పైన. ఇన్సూరెన్స్ తీసుకుందామంటే, ముందే ఉన్న జబ్బుకి ఇవ్వరు. పీడీఎస్ఏ లాంటి ఛారిటీ ఆస్పత్రుల్లో ఉచిత వైద్యం బెనిఫిట్లు తీసుకునేవాళ్ళకి. మన వీసాల మీద పబ్లిక్ ఫండ్స్ లేవని రాసి ఉంటుంది కాబట్టి మనకి ఆ దారి లేదు. నేను రావడానికి చేసిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. మా ఆయన ఫోన్లో "అక్కడ వడ్డీ కట్టలేక నేను చస్తుంటే నువ్వు వీధిపిల్లికి ఆస్పత్రులు తిప్పుతున్నావా" అన్నాడు. వారం రోజులు మాట్లాడుకోలేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అప్పట్నుంచి పిల్లుల డబ్బు నా ఆదివారం ఎక్స్‌ట్రా షిఫ్ట్ నుంచే. మిగతాది ముట్టుకోను. అయినా ఆయనకి ఇష్టం లేదు, ఆ ఇష్టం లేకపోవడంతోనే నడుస్తోంది.

అంతకంటే కష్టమయింది బాబుతో. వాడికి దొరంటే పిచ్చి. వీడియో కాల్లో ముందు దొరని చూపించమంటాడు, తర్వాతే నాతో మాట. ఒకరోజు "అమ్మా, దొరకి జబ్బున్నా రూమిచ్చావు కదా, నాకెప్పుడిస్తావ్?" అన్నాడు. రూల్ గురించి చెప్పాను. వాడికి తొమ్మిదో ఏడు ఇప్పుడు, కొంచెం అర్థమవుతోంది. కొంచెమే.

నన్ను చూసి మీరూ ఇలాగే చేయండి అని నేను చెప్పను. మీ ఇంట్లో పిల్లిపిల్లలుంటే వద్దు. గర్భంతో ఉన్న పిల్లి ఉంటే వద్దు. వేసుకోడానికి తలుపున్న గది లేకపోతే, ఒక్క గదిలో నలుగురు ఉంటే, అస్సలు కుదరదు. షిఫ్టులు మారే ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు తలుపు మర్చిపోయినా ఒక్కరి శ్రమా నిలబడదు. కొత్తగా ఏ పిల్లిని తెచ్చుకున్నా, వీధిది కానివ్వండి, తెలిసినవాళ్ళది కానివ్వండి, కలపకముందే పరీక్ష చేయించండి. తుఫానులో తడిసి వచ్చినా సరే, బాత్రూంలో పెట్టి తిండి పెట్టండి, మీవాటితో కలపకండి. నేను చేయనిది అదే. ఆ ఒక్క పరీక్ష మొదటి వారంలో చేయించి ఉంటే నెల్లూరు అక్కతో ఆ నెల గొడవే ఉండేది కాదు.

అక్క ఇప్పుడు మాట్లాడుతోంది. మాట్లాడటమే కాదు, నాకు లాంగ్ డే పడిన రోజు దొరకి తనే పెడుతుంది. పెట్టేటప్పుడు వాడిని తిడుతుంది, "తినరా జమీందారూ" అని. గేటు అవతల నుంచి వింటుంటా.

వచ్చే మంగళవారం వాడి ఆరు నెలల రక్తపరీక్ష. పోయినసారి రక్తం కొంచెం తక్కువుంది, మరీ తక్కువ కాదు. ఈసారి ఎలా ఉంటుందో చూడాలి. ప్రస్తుతానికి నా సూట్‌కేస్ మీద పడుకుని గురక పెడుతున్నాడు, రికార్డింగ్‌లో వినపడి ఉంటే అది ఫ్యాన్ కాదు, వాడే.

ఎవరికన్నా అడగాలని ఉంటే అన్న దగ్గర రాసి పెట్టండి, నాకు పంపిస్తారు. రాత్రి పదిన్నర దాటాకే జవాబిస్తా, రెండింటికి నాకు షిఫ్ట్ మొదలు, ఇప్పటికే ఒంటిగంట దాటింది. ఉంటానండీ.